ఎవరూ కొనని ఆటలకు ఒక తెలుగు ఛానల్ కావాలి

2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలు కబడ్డీ ఫైనల్లో చైనీస్ తైపీని 26-25తో ఓడించారు. ఒకే ఒక్క పాయింటు తేడా. ఆ స్వర్ణంతో ఆ క్రీడల్లో మన పతకాలు వందకు చేరాయి. ఆసియా క్రీడల్లో భారతదేశం వంద మార్కు తాకడం అదే మొదటిసారి. ఆ రోజు దేశమంతా వంద గురించి మాట్లాడింది. వందోది తెచ్చిపెట్టిన పిల్లల పేర్లు ఒక పూట వినిపించాయి. మరునాడు చెన్నైలో క్రికెట్ ప్రపంచకప్‌లో భారత్ తొలి మ్యాచ్. ఆ పేర్లు వినబడడం అక్కడితో ఆగిపోయింది.

నాకు క్రికెట్ మీద కోపం లేదు. ఆ మ్యాచ్ నేనూ చూశాను. నా బాధ వేరు. ఆ కబడ్డీ పిల్లలు హాంగ్‌జౌకు ముందు ఎక్కడ ఆడారు, తర్వాత ఎక్కడ ఆడుతున్నారు అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఏమీ లేదు. జాతీయ పోటీలు ఏటా జరుగుతాయి. రాష్ట్ర జట్లు వెళ్తాయి, వస్తాయి. జిల్లా పత్రికలో ఒక ఫొటో, కింద నాలుగు లైన్లు. అంతటితో సరి.

నా ఉద్యోగమంతా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా గడిచింది. ఊళ్లలో మమ్మల్ని పీఈటీ సారనో, డ్రిల్లు మాస్టారనో పిలుస్తారు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) మీట్‌లకు పిల్లల్ని తీసుకెళ్లడం, ఏ బడిలోనో తరగతి గదుల్లో పరుపులు పరిపించి పడుకోబెట్టడం, తెల్లవారుజామున లేపి గ్రౌండుకు తోలుకెళ్లడం, ఇదీ మా పని. ఆడపిల్లను జిల్లా దాటి పంపాలంటే తల్లిదండ్రులు సవాలక్ష అడుగుతారు. రాత్రి ఎక్కడ పడుకుంటారు, తోడు ఎవరు వస్తారు, పరీక్షలకు ఇబ్బంది కాదా అని. వాటన్నిటికీ జవాబు చెప్పగలిగేవాణ్ణి. చివరికి ఒక తండ్రి ఆశగా, "టీవీలో వస్తుందాండీ, ఇంట్లో కూర్చుని చూసుకుంటాం" అంటే మాత్రం నోట మాట రాదు. ఎన్ని ఊళ్లు మారినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కూలి పని మానుకుని కూతురి ఆట చూడ్డానికి అవతలి జిల్లాకు వెళ్లగలిగే తండ్రి ఎందరుంటారు?

ఒకసారి రాష్ట్రస్థాయి పోటీలకు కెమెరా పంపమని ఒక ఛానల్ వారిని వేడుకున్నాం. మంత్రిగారు వస్తున్నారా అని అడిగారు. వస్తున్నారన్నాం. కెమెరా వచ్చింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు, పావురాన్ని ఎగరేశారు, పిల్లలతో కరచాలనం చేశారు. ఆయన కారు గేటు దాటకముందే కెమెరా కూడా సర్దుకుంది. కోర్టుల్లో మట్టి తడిపి, సున్నం గీతలు గీసి, జెర్సీలు తొడుక్కుని నిలబడిన పిల్లలు అది వెళ్లిపోవడం చూస్తూ ఉండిపోయారు. ఆ ఛానల్‌ను నేను తప్పుపట్టలేను. వాళ్లది వ్యాపారం, ప్రకటన రాని చోట నిలబడలేరు. కానీ వ్యాపారం కోసం పుట్టని ఛానల్ ఒకటి ఈ దేశంలో ఉంది. అది మన డబ్బుతో నడుస్తుంది. అది ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

దూరదర్శన్, ఆకాశవాణి రెండూ ప్రసార భారతి కింద ఉన్నాయి. ఆ సంస్థను పుట్టించిన చట్టం 1990లో వచ్చి, 1997లో అమల్లోకి వచ్చింది. సంస్థ ఏమేం చేయాలో 12వ సెక్షన్ చెబుతుంది. ఆరోగ్యకరమైన పోటీ, క్రీడాస్ఫూర్తి పెరిగేలా ఆటలకు తగినంత చోటు ఇవ్వాలన్నది అందులో ఒక బాధ్యత. దేశంలోని వేర్వేరు ప్రాంతాల సంస్కృతులకూ భాషలకూ తగినంత చోటు ఇవ్వాలన్నది ఇంకొకటి. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కలిపి చదువుకుంటే, తెలుగు పిల్లల ఆటను తెలుగులో చూపించడం ఆ సంస్థ దయాధర్మం మీద ఆధారపడిన పని కాదని తెలుస్తుంది. అది చట్టం నెత్తిన పెట్టిన బాధ్యత.

ఇంకో సంగతి చెప్పాలి. 1993లో హీరో కప్ క్రికెట్ ప్రసారాల మీద దూరదర్శన్‌కూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ తగాదా వచ్చి సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం వాడాలి అని ఆ తీర్పు చెప్పింది. ఆ మాటను విడిగా, గట్టిగా రాసిన న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువారే. ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో, డబ్బున్నవాళ్ల గుత్తాధిపత్యమూ అంతే ప్రమాదమని ఆయన హెచ్చరించారు. ఈ తీర్పు తర్వాత ప్రైవేటు ఛానళ్లకు తలుపులు మరింతగా తెరుచుకున్నాయి. మంచిదే. కానీ తీర్పులో రెండో సగం, అంటే ప్రజల మేలన్నది, ఎవరికి అప్పజెప్పారు? ఐపీఎల్ 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఆ అంకె చూసి గర్వపడేవాళ్లు పడవచ్చు. అండర్-17 బాలికల ఖోఖో హక్కులు కొనమంటే కొనేవాడు లేడు. కొనేవాడు లేనిచోటే కదా ప్రజల ఛానల్ అవసరం?

డీడీ స్పోర్ట్స్ ఉంది కదా, ఇంకా ఏం కావాలి అంటారు. ఉంది. దాని మేలు నేను మరచిపోను. హాకీ ఇండియా లీగ్ ఏళ్ల తరబడి ఆగిపోయి 2024 డిసెంబరులో మళ్లీ మొదలైనప్పుడు, ఇంటింటికీ ఉచితంగా చూపించింది దూరదర్శనే. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ లీగ్‌లో తొలిసారి అమ్మాయిల పోటీ కూడా ఆ సీజన్లోనే వచ్చింది. జాతీయ క్రీడలను చూపించేదీ ఆ ఛానలే. కానీ నూట నలభై కోట్ల జనాభాకు ఒక్క ఛానల్. అదీ హిందీ, ఇంగ్లిషుల్లో. ఇరవై ఎనిమిది రాష్ట్రాల పోటీలు ఆ ఒక్క కిటికీలోంచి కనబడవు. మన రాష్ట్రాల కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, వెయిట్‌లిఫ్టింగ్ ఢిల్లీ షెడ్యూల్లో చోటు దొరికే దాకా ఎదురుచూడాలంటే మా పిల్లల ఆటవయసు అయిపోతుంది.

అసలు దూరదర్శన్ ఆటలనే పక్కకు నెట్టిందని నేననను. తను ఏ ఆటలు చూపించాలన్నది మరచిపోయిందంటాను. 2007లో ఒక చట్టం వచ్చింది. జాతీయ ప్రాముఖ్యం ఉన్న ఆటల ప్రసారాలను హక్కుదారులు ప్రసార భారతితో పంచుకోవాలి. ప్రకటనల ఆదాయంలో నూటికి 75 హక్కుదారుకు, 25 ప్రసార భారతికి. కేబుల్‌కు డబ్బు కట్టలేని పేదవాడు కూడా భారత్ మ్యాచ్ చూడాలన్న ఆ ఉద్దేశం గొప్పది. కానీ ఆ వెసులుబాటు వచ్చాక ఇతరులు తీసిన దృశ్యాన్ని అందుకుని వేయడమే క్రీడా ప్రసారమన్న అలవాటు పాతుకుపోయింది. సొంత కెమెరాతో సొంత గ్రౌండుకు వెళ్లే ఓపిక తగ్గింది. ఆ అరువు క్రికెట్టుకు కూడా హద్దుంది. 2017లో సుప్రీంకోర్టు, ఆ దృశ్యాలను దూరదర్శన్ తన టవర్ల ద్వారా, డీడీ ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే ఇవ్వాలని, ప్రైవేటు కేబుల్ వాళ్లకు ఇవ్వకూడదని తేల్చింది. అడిగి తెచ్చుకున్న ఆట ఎప్పటికీ తన ఆట కాదు. తను వెళ్లి తీసిన పోటీలను మాత్రం ఎక్కడైనా, ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు.

తెలుగులో చేయలేమన్న మాట కూడా నిలవదు. 2023 జులై, ఆగస్టుల్లో భారత జట్టు వెస్టిండీస్ వెళ్లినప్పుడు వన్డేలు, టీ20లు డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి రెండింటిలోనూ తెలుగు వ్యాఖ్యానంతో వచ్చాయి. అంటే మనుషులున్నారు, మైకులున్నాయి, ఛానళ్లున్నాయి. భూగోళానికి అవతల బార్బడోస్‌లో జరిగిన ఆటకు తెలుగులో మాట్లాడగలిగినవాళ్లు సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో జరిగే ఆటకు ఎందుకు మాట్లాడలేరు? విశాఖలోని స్వర్ణభారతి స్టేడియం ఎంత దూరం?

ప్రైవేటువాళ్లు కబడ్డీని పైకి తేలేదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. తెచ్చారు. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు నా కళ్లు చెమర్చాయి. మా ఊళ్లో చెడుగుడు అని పిలుచుకున్న ఆటను రంగుల మ్యాట్ మీద, నాలుగు వైపులా కెమెరాలు పెట్టి చూపిస్తే జనం ఎగబడి చూశారు. తెలుగు టైటాన్స్ చొక్కాలు మా బడిలో కూడా కనబడ్డాయి. చూపించే తీరులో చూపిస్తే మన ఆటను ఎవరైనా చూస్తారని అక్కడే రుజువైంది. కానీ అది మగవాళ్ల లీగు. ఆడవాళ్ల కోసం 2016లో మూడు జట్లతో ఒక చిన్న పోటీ పెట్టి చూశారు. మరుసటి ఏడాది అది రాలేదు. లాభం లేదనుకుని ఉంటారు. వాళ్ల లెక్క వాళ్లది. ఏడేళ్ల తర్వాత వందో పతకం తెచ్చింది మాత్రం ఆ ఆడవాళ్లే. లాభం లెక్కలో ఓడిపోయినవాళ్లను దేశం లెక్కలో గెలిపించుకోవడానికి ఒక వేదిక ఉండొద్దా?

దీనికి బయటి దేశంలో నిలబడి చూపించిన ఉదాహరణ ఉంది. ఐర్లాండ్‌లో టీజీ4 అనే ప్రభుత్వ ఛానల్ ఐరిష్ భాషలో నడుస్తుంది. ఆ భాషను రోజూ మాట్లాడేవాళ్లు మన ఒక చిన్న జిల్లా జనాభా కూడా ఉండరు. 2001 నుంచి ఆ ఛానల్ ఆడవాళ్ల గేలిక్ ఫుట్‌బాల్‌ను తన భుజాన వేసుకుంది. అప్పటికి దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి వదలకుండా చూపిస్తూ పోయింది. 2019 ఫైనల్‌కు డబ్లిన్ స్టేడియంలో 56 వేల మందికి పైగా వచ్చి కూర్చున్నారు. తొమ్మిది కోట్ల తెలుగువాళ్లం మనం. మనకు ఆ పాటి ఛానల్ మోయలేని బరువా?

క్రికెట్లోనే చూడండి. 2002 ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద మిథాలీ రాజ్ 214 పరుగులు చేసింది. అప్పటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. చేసినమ్మాయి మన సికింద్రాబాద్ అమ్మాయి, అప్పటికి ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. ఆ ఇన్నింగ్స్ చూశానని చెప్పే తెలుగువాడు నాకింతవరకు తారసపడలేదు. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచిన రాత్రి అలా కాదు. కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది, ప్రతి వికెట్టూ ఇళ్లలో చూశారు. మర్నాటి నుంచి చిన్నపిల్లలు ఎడమచేత్తో బంతి తిప్పడం మొదలుపెట్టారు. ఇద్దరి ప్రతిభా తక్కువ కాదు. మధ్యలో మారిందల్లా కెమెరా ఉండడం.

పరుగుపందేల సంగతి ఇంకా ఘోరం. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. డోప్ పరీక్ష జరగలేదని, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరని ఆ పరుగును రికార్డుగా లెక్కించలేదు. రెండేళ్లు దాటాక, 2022 మేలో సైప్రస్‌లో, 13.23తో ఆమె పేరు రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. టీవీ ఉంటే డోప్ పరీక్ష జరిగేదని నేను వాదించను, అది వేరే వ్యవస్థ. కానీ దేశంలోనే అత్యంత వేగవంతమైన హర్డిల్స్ పరుగు ఒక గ్రౌండులో జరిగి, జనం దృష్టికి రాకుండా మాసిపోగలదన్నది మాత్రం నిజం. జనం చూసే పోటీకి నిర్వాహకులు కూడా తగిన ఏర్పాట్లు చేసుకుని వస్తారు. ఎవరూ చూడని పోటీలో స్టాప్‌వాచ్‌లు కూడా సరిగా ఉండవు. ఇది నా అనుభవం.

ఆటను భద్రపరిచే పని కూడా ఉంది, దాన్ని ఎవరూ తలచరు. కపిల్ దేవ్ 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద చేసిన 175 పరుగులకు వీడియో లేదు. దేశమంతా ఇప్పటికీ దానికి నొచ్చుకుంటుంది. తెలుగు నేల నొచ్చుకోవాల్సినవి అంతకంటే ఎన్నో ఉన్నాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం దాకా నడిపించారు. అప్పటికి తెలుగు నేలకు టీవీ రాలేదు, సరే. ఇప్పుడు ఉంది కదా! 2002 డిసెంబరులో హైదరాబాద్, విశాఖల్లో జాతీయ క్రీడలు, ఆ మరుసటి ఏడాది హైదరాబాద్‌లోనే ఆఫ్రో-ఆసియన్ క్రీడలు జరిగాయి. గచ్చిబౌలి స్టేడియాలు ఆ ఊపులో లేచినవే. ఆ పోటీల్లో తెలుగు క్రీడాకారులు ఆడిన ఆటను ఇవాళ ఒక పదో తరగతి పిల్లకు చూపించాలంటే ఏ తలుపు తట్టాలి? శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. సిడ్నీ దృశ్యం దొరుకుతుంది. ఆమదాలవలసలో ఆ చేతులు మొదటిసారి బార్ పట్టుకున్న రోజులు దొరకవు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 మేలో కోబేలో పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల పరుగులో తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమె ప్రపంచ రికార్డు దాకా వెళ్లేవరకు ఆమె పేరు ఎంతమందికి తెలుసు?

నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. హైదరాబాద్‌లో 1977 నుంచి దూరదర్శన్ కేంద్రం ఉంది. విజయవాడలో కేంద్రం ఉంది. రెండు చోట్లా కెమెరాలు, ఓబీ వ్యాన్లు, పని తెలిసిన సిబ్బంది ఉన్నారు. ప్రసార సదుపాయాల ఆధునికీకరణ కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 2,539 కోట్ల పైచిలుకు పథకాన్ని ఆమోదించింది. డీడీ ఫ్రీ డిష్ నెలకు రూపాయి కట్టకుండా నాలుగు కోట్లకు పైగా ఇళ్లకు చేరుతోందని అంచనా. వేవ్స్ అనే సొంత ఓటీటీ కూడా 2024 నవంబరులో వచ్చింది. ఇన్ని ఉన్నాక మిగిలింది ఒక నిర్ణయం మాత్రమే. రెండు కేంద్రాలూ కలిసి నడిపే ఒక తెలుగు క్రీడా ఛానల్. మొదట్లో సాయంత్రాల్లో, సెలవు రోజుల్లో ప్రసారం చేసినా చాలు. ఎస్‌జీఎఫ్ రాష్ట్ర పోటీలు, విశ్వవిద్యాలయాల పోటీలు, రాష్ట్ర కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఛాంపియన్‌షిప్‌లు, సంక్రాంతికి ఊళ్లలో పెట్టే పెద్ద టోర్నమెంట్లు, దివ్యాంగుల పోటీలు. వ్యాఖ్యానానికి ఆడి రిటైరైన క్రీడాకారులను పిలవండి. వాళ్లలో ఎంతోమంది ఇవాళ చిన్న ఉద్యోగాల్లో, పొలాల్లో, ఆటోలు నడుపుకుంటూ ఉన్నారు. కూతకెళ్లిన పిల్ల ఎందుకు ఎడమ మూలకే వెళ్లిందో, పట్టు ఎక్కడ జారిందో వాళ్ల కంటే బాగా ఎవరు చెబుతారు?

రేటింగులు రావంటారు. రావచ్చు, రాకపోవచ్చు. మొదటి ఏడాది తక్కువే వస్తాయి. రైతుకు వాతావరణం చెప్పినప్పుడు, ఆకాశవాణిలో త్యాగరాజ కీర్తనలు వేసినప్పుడు ఎవరూ రేటింగు అడగలేదు. మా ఆడపిల్లల కబడ్డీ దగ్గరికి వచ్చేసరికే ఆ తక్కెడ ఎందుకు బయటికి తీస్తారు?

మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ప్రసార భారతి మీద పార్లమెంటులో ప్రశ్న వేసే హక్కు వారందరికీ ఉంది. మీ పిల్ల, మీ చెల్లెలు, మీ పక్కింటి అమ్మాయి ఏ జిల్లా మీట్‌లోనో ఆడి వచ్చి ఉంటే, ఆ ఆట మీరు చూడలేకపోయి ఉంటే, మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. తెలుగులో క్రీడా ఛానల్ ఎప్పుడు పెడతారో సభలో అడగమనండి. సమాధానం వచ్చేదాకా మళ్లీ మళ్లీ రాయండి.